ఎనిమిదో బార దగ్గర

నేను ఒక తాడును. బావిలో చేద దింపే తాడును కాను, గేదె మెడకు కట్టే పలుపునూ కాను. కొండ ఎక్కేవాళ్లు నడుముకు కట్టుకునే తాడును. చిటికెన వేలంత లావు, ముప్పైమూడు బారల పొడుగు, నారింజ రంగు ఒళ్లు, దాని మీద అక్కడక్కడా నీలం చుక్కలు. బార అంటే తెలుసుగా, రెండు చేతులూ చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా. ఆ కొలత గుర్తుంచుకోండి. ఒక ఇంటి సంగతంతా దాంట్లోనే తేలింది.

నేను పుట్టింది మిషన్ల మధ్య. లోపల తెల్లటి పోగులు, వాటి చుట్టూ గట్టిగా అల్లిన రంగుల తొడుగు. అల్లడం అయ్యాక నా తోబుట్టువు ఒకదాన్ని పైనుంచి వేలాడదీసి, దానికి మనిషంత బరువున్న ఇనుప దిమ్మ కట్టి కిందికి వదిలారు. తెగేదాకా వదులుతూనే ఉన్నారు. అది ఎన్నిసార్లు ఆపిందో ఒక చీటీ మీద అచ్చు వేసి నా మెడకు తగిలించారు. మనుషులు పెళ్లిళ్లకు జాతకాలు చూస్తారని తర్వాత విన్నాను. మీద ఎంత బరువు పడితే పెళ్లికొడుకు ఎంతవరకు ఆగుతాడో ఏ జాతకంలోనూ రాసి ఉండదట. ఆ చీటీతో హైదరాబాదులో ఒక దుకాణం అరలో చాలాకాలం పడి ఉన్నాను. అక్కడి నుంచి హైమ చేతికి వచ్చాను.

హైమ ఏలూరులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో జీవశాస్త్రం టీచరు. నలభై రెండేళ్లు. పెళ్లయిన పదిహేనేళ్లకు బెజవాడలో కొండలెక్కే బృందం ఒకటి ఉందని తెలిసి, భర్త జగదీష్‌ని బతిమాలి వెంట తీసుకెళ్లింది. జగదీష్ బీమా ఆఫీసులో పని చేస్తాడు. మంచివాడని పేరు. మొదట నవ్వాడు, తర్వాత తనూ చేరాడు. హైమ ఎక్కుతుంటే కింద నిలబడి నన్ను పట్టేది అతనే. నా ఒక కొస ఆవిడ నడుముకు ముడి. ఇవతల నేను అతని నడుముకున్న చిన్న లోహపు బిళ్లలోంచి దూరి, అతని కుడి చేతిలోకి వెళ్తాను. బండకు బిగించిన ఇనుప బోల్టులకు నన్ను తగిలించుకుంటూ ఆవిడ పైకి పోతుంది. ఆవిడ ఒక అడుగు ఎక్కితే అతను ఒక అడుగు తాడు వదలాలి. ఎక్కువ వదిలితే, పడినప్పుడు అంత ఎక్కువ కిందికి పడుతుంది. దీంట్లో విద్యేమీ లేదు. కళ్లు పైన ఉండాలి, చెయ్యి నా మీద ఉండాలి.

నాకొక పుస్తకం కూడా ఉండేది. ఏ రోజు ఏ కొండ, ఎవరు ఎక్కారు, ఎవరు పడ్డారు, అన్నీ రాయాలి. పెద్ద పతనాన్ని ఒక్కసారి ఆపిన తాడును మళ్లీ కొండకు తీసుకెళ్లకూడదని వాళ్ల నియమం. ఆ పుస్తకం రాసేది జగదీష్. గుండ్రటి, అందమైన దస్తూరి. తాడుకు పుస్తకం పెట్టారు గానీ, తాడు పట్టే చేతికి పుస్తకం పెట్టాలని ఎవరికీ తోచలేదు.

ఆ ఏడాది హైమ తన బడి పిల్లల్ని కొండకు తీసుకెళ్లాలనుకుంది. ఎక్కడం నేర్పే మనిషిగా ఆవిడ పేరే అనుకున్నారు. దానికి ముందు ఆదివారం, బెజవాడ అవతల ఒక నిలువు బండ మీద సాధన. ఆ బండకు బోల్టులు బిగించినప్పుడు ఒక్కొక్కటి నేల నుంచి ఎన్ని బారలో దారం వదిలి కొలిచింది కూడా ఆవిడే.

ఆరు బారల ఎత్తులో ఉంది. ఐదో బోల్టు ఇంకో చెయ్యి చాపితే అందుతుంది. కింద జగదీష్ జేబులోంచి ఫోను తీశాడు. భార్య అంత ఎత్తున కనబడుతుంటే వీడియో తీసి బంధువులకు పంపాలని సరదా. అది అతనికి అలవాటే. ఫోను పట్టుకుంటే మాటిమాటికీ తాడు వదలడం కుదరదు కదా, అందుకని ముందే రెండు బారలు బిళ్లలోంచి లాగి పాదాల దగ్గర పడేశాడు. కుడి చెయ్యి నా మీద ఉంది గానీ, వేళ్లు మాత్రమే ఉన్నాయి.

హైమ ఎడమ కాలు జారింది. జారడం తప్పు కాదు, కొండ మీద అందరి కాళ్లూ జారుతాయి. నేను ఉన్నది అందుకే. నేను ఆపడానికి సిద్ధంగానే ఉన్నాను. కానీ ముందు ఆ రెండు బారలు గాల్లోకి లేవాలి, ఫోను కింద పడాలి, వేళ్లు పిడికిలి కావాలి. పిడికిలి బిగిసేసరికి బిళ్లలో రాసుకుని నా ఒళ్లు జానెడు మేర కాలింది. నేను ఆపాను. అప్పటికే హైమ మడమ కింది బండ అంచుకు తగిలింది.

ఆసుపత్రిలో నర్సు ఆవిడ నడుము పట్టీని కత్తిరించింది. నా కొస ముడి మాత్రం ఎవరికీ విప్పడం రాలేదు, అంత బిగిసింది. అలాగే ఇంటికి తెచ్చారు. ఆ సాయంత్రమే జగదీష్ నా పుస్తకంలో రాశాడు: "కాలు జారి పడింది. తాడు విరమణ." చదివితే ఎంత చక్కగా ఉందో. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

మడమ ఎముక మూడు ముక్కలు. మూడు నెలలు మంచం. జగదీష్ చేసిన సేవ గురించి ఆ వీధిలో చెప్పుకోనివాళ్లు లేరు. పళ్లెంలో అన్నం కలిపి తెచ్చేవాడు. కట్టు విప్పాక రోజూ పొద్దున్న నువ్వుల నూనె వెచ్చచేసి మడమకు రాసేవాడు. వచ్చినవాళ్లందరూ ఒకటే మాట. అతని తల్లి శాంతమ్మగారు అయితే కోడలి మంచం పక్కన కూర్చునే అనేది.

"మా అల్లుళ్లున్నారు ఇద్దరు. పెళ్లానికి జ్వరమొస్తే బిళ్ల ఇచ్చిన పాపాన పోలేదు. నీ అదృష్టం బాగుంది కాబట్టి వీడు దొరికాడు."

"అవునత్తయ్యా" అనేది హైమ. మనసులో కూడా అదే అనుకునేది. అలమర పైనుంచి నేను వింటూ ఉండేదాన్ని. తాడుకు నోరు లేకపోవడం మంచిదే అనుకుంటారు మనుషులు. ఎవరికి మంచిదో నాకు అప్పుడే తెలిసింది.

పిల్లలకు ఎక్కడం నేర్పే పని జగదీష్‌కి వెళ్లింది. బృందంవాళ్లు ఇంటికొచ్చి అడిగితే, అతను భార్య వైపు చూసి మెల్లగా అన్నాడు. "తన మీద తనకే నమ్మకం పోయింది పాపం. కాలు జారే మనిషి పిల్లల్ని ఎలా చూసుకుంటుంది చెప్పండి?" హైమ తలూపింది. ఆ రోజు నుంచి ఆవిడ మెట్టు దిగేటప్పుడు కూడా ఎడమ పాదాన్ని చూసుకుని దిగేది, పనిలోకి కొత్తగా పెట్టుకున్న మనిషిని చూసినట్టు.

డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. మడమ మీద బరువు పడదు, పిక్కలకు బలం వస్తుంది అన్నాడు. జగదీష్ వెంటనే గేర్ల సైకిలు కొన్నాడు. లావు టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు, రాళ్ల దారిలో కూడా పోతుంది. దాన్ని కారు మీద కట్టడానికి ఏదో ఒక తాడు కావాలి కదా. నన్ను అలమర పైనుంచి దించారు. కొండకు పనికిరానిదాన్ని సైకిలు కట్టడానికి పనికొచ్చాను. మొత్తాన్ని చుట్టచుట్టి, ముడి కొసతో నాలుగు పట్లు వేసేవాళ్లు.

బుట్టాయగూడెం అవతల అడవిలో కట్టెలు దింపే పాత బళ్ల దారులున్నాయి. ఎర్రమట్టి, టేకాకులు, అడ్డంగా వాగులు. జగదీష్ కారుతో కింద ఫ్లాస్కు పట్టుకుని నిలబడేవాడు. హైమ పైనుంచి దిగేది. మొదటి ఆదివారం రెండుసార్లు వాగులో పడింది. జాకెట్టు దాకా తడిసి, మోచేయి గీరుకుపోయి కూడా, ఆరు నెలల్లో మొదటిసారి గట్టిగా నవ్వింది. అయితే ప్రతి మలుపులోనూ బ్రేకు నొక్కేది. వేగం అందుకునేలోపే ఎడమ పాదం వైపు చూసేది.

నాలుగో ఆదివారం అనుకుంటా, ఒక మలుపులో బ్రేకు నొక్కడం మరిచిపోయింది. సైకిలు రాళ్ల మీద గుర్రప్పిల్లలా గెంతింది, హైమ సీటు మీంచి లేచి రెండు పాదాల మీద నిలబడింది, ఎడమది కూడా నిలబడింది. కారు దాకా అలాగే వచ్చి ఆగింది. మొహం వెలిగిపోతోంది.

"చూశారా! కాలు ఆగింది!"

"చూశాన్లే. మళ్లీ జారితే? ఈసారి మోసేది ఎవరు?" అన్నాడు జగదీష్, ఫ్లాస్కు మూత తిప్పుతూ. చిరాకేమీ లేదు గొంతులో. ప్రేమగానే అన్నాడు. వెలిగిన మొహం ఆరిపోవడానికి చిరాకు అక్కర్లేదు.

నడుము, భుజాలు కూడా గట్టిపడాలని డాక్టరు అన్నాక, ఉపాయం చెప్పింది నాంచారమ్మ. ఆవిడ కొల్లేటి లంకల్లోంచి పొద్దున్నే ఏలూరు వచ్చి వీధుల్లో చేపలమ్మే మనిషి. అరవై దాటాయి. గుమ్మంలో తట్ట దించి, హైమ ఎడమ పాదం చూసుకుంటూ నడవడం చూసి అంది.

"అమ్మగోరూ, కాలుతో పనేటి? మా దోనెలో కూకోండి. తెడ్డేత్తే బుజాలు అయ్యే లేత్తాయి."

"నాకు ఈత కూడా రాదు నాంచారమ్మా."

"నాకొచ్చేటి? అరవయ్యేళ్ల నుంచి మునక్కుండానే ఉన్నా."

దోనె అంటే తాటి మొద్దును తొలిచి చేసిన సన్నటి పడవ. ఒక పక్కకు తుమ్మినా ఒరుగుతుంది. హైమ మొదటి వారం అంచులు పట్టుకుని కూర్చోవడమే సరిపోయింది. రెండో వారం తెడ్డు వేసింది, దోనె గుండ్రంగా తిరిగింది. నాంచారమ్మ పగలబడి నవ్వింది. "గానుగెద్దుని గానీ తోల్తన్నారా అమ్మగోరూ? ఓ పక్కే కొడతన్నారు!" మూడో వారానికి తూటాకుల మధ్య సందుల్లోంచి, గూడబాతుల్ని లేపకుండా, తిన్నగా పోనివ్వడం వచ్చింది. అక్కడ పాదాల సంగతి ఎవరికీ పట్టలేదు. ఒడ్డుకు కట్టడానికి నన్ను తీసుకెళ్లేది. సైకిలు మీద ఊరి చివరిదాకా, అక్కడి నుంచి దోనెలో. జగదీష్‌కు నీళ్లంటే పడదు, అందుకని ఇక్కడికి రాలేదు. ఆ సంగతి హైమకు హాయిగా ఉండేది. ఎందుకు హాయిగా ఉందో మాత్రం ఆవిడ తనను తాను అడగలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం గాలి లేచింది. హైమ ఒక్కతే తెడ్డు వేస్తోంది. నాంచారమ్మ గుంజలకు వలలు కట్టిన వలకట్ల దగ్గర నడుములోతు నీళ్లలో నిలబడి ఉంది. దోనె అడ్డం తిరిగి లోతు వైపు కొట్టుకుపోసాగింది. హైమ రెండు పక్కలా తెడ్డు వేసింది, భుజాలు మండేదాకా వేసింది. దోనె ఆగలేదు.

"తాడు ఇసరండీ!" అని అరిచింది నాంచారమ్మ.

హైమ నా మామూలు కొసను దోనె ముందు కర్రకు రెండు ముళ్లు వేసింది. బిగిసిన ముడి ఉన్న కొసను పట్టుకుని, ఒరుగుతున్న పడవలో రెండు పాదాలూ ఎడం పెట్టి లేచి నిలబడి, విసిరింది. నిలబడ్డానని ఆవిడకు తర్వాతగానీ తెలియలేదు. నాంచారమ్మ నా ముడిని అందుకుని, వలకట్టు గుంజకు కాలు తన్నిపెట్టి లాగడం మొదలుపెట్టింది. వాళ్ల మనుషులు వల తాడు లాగినా, పడవ తాడు లాగినా, చేతులు చాపి బారలు లెక్కపెట్టుకుంటూ లాగుతారు. ఎంత లాగితే ఎంత దూరం మిగిలిందో తెలియడానికి. "ఒకటో బార... రెండో బార..." పాటలా వస్తోంది ఆ లెక్క. ఏడు అయింది. ఎనిమిది దగ్గర ఆవిడ అరచెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ లాగింది.

దోనె గుంజకు తగిలి ఆగింది. అప్పుడు నాంచారమ్మ నన్ను వెనక్కి వెతికి, ఆ చోటు పట్టుకుని చూపించింది.

"ఈ తాడు ఇక్కడ కాలిందమ్మగోరూ. చూడండి, గాజులాగ నున్నగా. చేతిలో పట్టు లేక జారిపోయి, అప్పుడు ఆపితే ఇట్టా కాల్తది. మా ఆయన చేతిలో ఓపాలి ఇంజను పడవ తాడు ఇట్టానే కాలింది. అరిసెయ్యి కూడా కాలింది. ఎవురండీ ఈ తాడు పట్టింది?"

హైమ ఆ మెరిసే చోటును బొటనవేలితో రాసి చూసింది. తర్వాత ముడి దగ్గర నుంచి తన చేతులతో తానే కొలిచింది. తప్పు లెక్కపెట్టానేమోనని ఇంకోసారి కొలిచింది. ఎనిమిది. నా మీద పెద్ద పతనం ఒక్కటే అని పుస్తకంలో ఉంది. ఆవిడ ఉన్నది ఆరు బారల ఎత్తున. ఎంత ధారాళంగా వదిలినా ఆరున్నర చాలు. ఆరున్నర దగ్గర ఆగి ఉంటే ఆవిడ ఆ అంచుకు చాలా పైనే వేలాడేది. మిగిలిన తాడంతా ఎక్కడ ఉందో చెప్పడానికి జీవశాస్త్రం అక్కర్లేదు.

"తల తిరుగుతందా అమ్మగోరూ?" అంది నాంచారమ్మ.

"లేదు. జారడం వరకే నాది... జారడం వరకే" అంది హైమ. నాంచారమ్మకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్న జగదీష్ ఎప్పటిలాగే నూనె వెచ్చచేసి తెచ్చాడు. హైమ పాదం ఒళ్లో పెట్టుకుని రాస్తున్నాడు. నేను ఆవిడ పక్కన మంచం మీద ఉన్నాను.

"ఆ రోజు ఎన్ని బారలు వదిలారు?" అంది హైమ.

అతని బొటనవేలు మడమ మీద ఆగిపోయింది. "ఏ రోజు?"

హైమ ఆ మెరిసే చోటును అతని ముందు పెట్టింది. అతను దాన్ని చూశాడు, వెంటనే కళ్లు తిప్పుకున్నాడు.

"ఇప్పుడెందుకు అదంతా? బాగయ్యావు కదా."

"కాలు జారి పడింది అని రాశారు."

"జారింది కదా! నేనేమన్నా అబద్ధం రాశానా?"

"జారితే ఆపడానికేగా మీరు కింద నిలబడింది."

అతను నూనె గిన్నె కింద పెట్టాడు. "ఎనిమిది నెలలు నీ పాదం నా ఒళ్లో పెట్టుకున్నాను హైమా. అదెన్ని బారలో కొలిచావా?"

"ఆ ఎనిమిది నెలలూ నా పాదాన్ని నేను తిట్టుకుంటుంటే వింటూనే రాశారు కదండీ నూనె."

ముందు గదిలోంచి శాంతమ్మగారు కేకేసింది. "ఏంట్రా, పొద్దున్నే గొడవ?"

"ఏం లేదమ్మా. పాత తాడు గురించి" అన్నాడు జగదీష్. లేచి ఆఫీసుకు తయారయ్యాడు. 'అవును' అనే మూడక్షరాలు అతని నోట్లోంచి వస్తాయేమోనని హైమ గుమ్మం దాకా వెళ్లి నిలబడింది. "క్యారేజీ" అన్నాడు అతను. ఆవిడ అందించింది.

అతను వెళ్లాక నా పుస్తకం తీసింది. అతని అందమైన దస్తూరి కింద రాసింది: "ఎక్కింది ఆరు. వదిలింది ఎనిమిది." అంతే. తర్వాత వంటింట్లోంచి కత్తిపీట తెచ్చి, కాలిన చోటుకు మూరెడు అవతల నన్ను రెండుగా కోసింది. పెద్ద ముక్కను నాంచారమ్మకు ఇచ్చేసింది. అది ఇప్పుడు కొల్లేట్లో దోనెను కట్టుకుని హాయిగా ఉంది. చిన్న ముక్కను నేను. డాబా మీదికి తెచ్చి, ముడి ఉన్న కొసను నీళ్ల ట్యాంకు స్తంభానికి, కోసిన కొసను మెట్ల తలుపు పక్కన మేకుకు బిగించింది. దండెం. కాలిన జానెడు తలుపు పక్కనే, సరిగ్గా ఒక మగమనిషి కళ్ల ఎత్తున వచ్చేలా చూసుకుంది. శాంతమ్మగారు చూసి సంతోషించింది. "కొండలకూ గుట్టలకూ కాకుండా ఇన్నాళ్లకు ఇంటికి పనికొచ్చింది."

నెల తిరక్కుండా హైమ మళ్లీ కొండకు వెళ్లింది. కొత్త తాడు. పట్టేది వాళ్ల బడిలో వ్యాయామం టీచరు రెబెకా. ఒక ఆదివారం సాయంత్రం రెబెకా ఇక్కడే, నా కింద నిలబడి అడిగింది.

"కాలు బ్రహ్మాండంగా ఉందక్కా. ఎక్కడా తడబడ్డం లేదు. మరి మూడో బోల్టు దాటవేంటి?"

"నువ్వు పట్టుకున్నావో లేదో చూసుకోవాలిగా."

"పట్టుకున్నానని అరుస్తూనే ఉన్నా కదా!"

"వినపడుతూనే ఉంది రెబెకా. అయినా చూసుకోవాలి."

పైకి చూసి ఎక్కాల్సిన మనిషి అడుగడుక్కీ కిందికి చూస్తోంది. పాదం మీద నమ్మకం తిరిగొచ్చింది. దానికి బదులు కింద పట్టే చేతి మీద నమ్మకం పోయింది. దాన్ని తెచ్చిపెట్టే సైకిలూ దోనే ఉన్నట్టు లేవు.

బడి పిల్లల్ని ఇప్పటికీ జగదీషే తీసుకెళ్తున్నాడు. ఫోను జేబులోనే ఉంచుకుంటున్నాడట, నేర్పుతూ కింద మనిషి ఎంత జాగ్రత్తగా ఉండాలో గంటసేపు చెబుతున్నాడట. మంచిదే. ఆ మాటలు ఎవరికి ముందు చెప్పాలో వాళ్లకు తప్ప అందరికీ చెబుతున్నాడు.

రోజూ పొద్దున్న స్నానం చేసి, తడి తువ్వాలుతో పైకి వస్తాడు. తలుపు తీయగానే ఎదురుగా నేనుంటాను. ఎనిమిదో బార అతని కళ్ల ముందే మెరుస్తుంటుంది. ఎండ అన్నిటికంటే ముందు పడేది అక్కడే, తువ్వాలు తొందరగా ఆరేది అక్కడే. ఎనిమిది బారల మేర నేను ఖాళీగా ఉన్నా, మబ్బు పట్టి వాన వచ్చేలా ఉన్నా, అతను ఆ చోటు దాటి నాలుగడుగులు అవతలికి నడిచి వెళ్లి ఆరేసుకుంటాడు. ఇప్పటిదాకా ఒక్కసారి కూడా అక్కడ వేయలేదు.

ఆ నాలుగడుగులూ హైమ మెట్ల మీద నిలబడి రోజూ లెక్కపెడుతుంది.